‘తొందరేల’ దగ్గర ఇరికిన సూది

1964 వేసవి. మిర్యాలగూడలో రైసు మిల్లులు దాటాక వేములపల్లి రోడ్డు పక్కన, కోత అయిపోయిన ఒక పొలంలో మా డేరా టాకీసు దిగి ఉంది. గుడ్డ పైకప్పు, తడికల గోడలు, ఒకే ఒక ప్రొజెక్టరు, కరెంటు కోసం బయట దడదడలాడే ఆయిల్ ఇంజను. అదే మా థియేటరు. ఒకే ఊళ్లో ఏడాది పొడుగునా ఆడించడానికి లైసెన్సు ఇవ్వరు. అందుకని సూర్యాపేటలో కొన్ని నెలలు, కోదాడలో కొన్ని నెలలు, మిర్యాలగూడలో కొన్ని నెలలు ఆడించి, డేరా విప్పి లారీలో వేసుకుని తిరిగేవాళ్లం. అందులో నేను రికార్డుల మనిషిని.

ఆ వేసవి గురించి మా వైపు ఒక కథ చెప్పుకుంటారు. పెద్ద చిక్కులో పడ్డ టాకీసును రికార్డుల నర్సింహ తన తెలివితో గట్టెక్కించాడని ఆ కథ. పక్కా హాలు కట్టినప్పుడు నన్ను వేదిక ఎక్కించి శాలువా కూడా కప్పారు. ఆ కథలో సగం అబద్ధం. ఆ అబద్ధం ఆడింది నేనే. నాకిప్పుడు నలభై ఏళ్లు. ఇంకా దాచుకుని తిరగడం నా వల్ల కాదు.

ముందు నా పని చెప్తాను. సాయంత్రం ఆట మొదలవడానికి గంట ముందు నుంచి డేరా మీద కట్టిన హారన్‌లో, అంటే పెద్ద ఉమ్మెత్త పువ్వులాంటి లౌడ్‌స్పీకరులో, పాటలు వెయ్యాలి. అప్పటి రికార్డులు లక్కతో చేసినవి. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగేవి. ఒక్కో వైపు ఒక్క పాటే. సూది బిగించిన చేతిని పికప్ అంటారు. దాన్ని రికార్డు అంచు మీద ఆనించడం, మూడు నిమిషాల తర్వాత ఎత్తడం, సూది అరిగితే మార్చడం. పనంతా ఇదేనా అని చాలామంది అడిగారు. పని ఇది కాదు. ఏ పాట తర్వాత ఏ పాట వెయ్యాలన్నది పని. దాన్ని మేము ‘వరస’ అనేవాళ్లం. అట్ట ముక్క మీద రాసి ఆంప్లిఫయరు పక్కన మేకుకు తగిలించేవాణ్ని.

మూడు ఊళ్లకు మూడు అట్టలు. సూర్యాపేట బస్సుల ఊరు. అక్కడ నిలబడి వింటారు, పాట ఉరకాలి. కొత్త సినిమా పాట వారం ఆలస్యమైతే ‘పాత సామాన్ల దుకాణం పెట్టినవా’ అని అడిగేవాళ్లు. కోదాడ వాళ్లకు నాటకాల గాలి ఎక్కువ. రెండు పద్యాలు పడందే టికెట్ల కిటికీ వైపు కదలరు. పద్యం చివర రాగం తీస్తుంటే కిటికీ ముందున్నవాళ్లు కూడా చేతులు గాల్లో తిప్పేవాళ్లు. మిర్యాలగూడలో మొదట దేవుడి పాట, తర్వాత హార్మోనియం బాగా పలికే పాటలు రెండు, ఒక హిందీ పాట, ఒక నవ్వుల పాట, కొత్తవి మూడు, చిట్టచివర బండి పాట. అది అయిపోగానే గంట కొట్టి ఆట మొదలు.

చిక్కంతా ఈ బండి పాటతోనే.

అది ఏ సినిమాలోదో మాకు తెలీదు. రికార్డు మీది కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఆ సినిమా మా డేరాకు రాలేదు, మా మూడు ఊళ్లలో చూసినవాళ్లూ లేరు. ఒకావిడ బండివాడితో ‘తొందరేల’ అంటుంటుంది, అంతవరకు అర్థమవుతుంది. మిగతాది ఎవరి సినిమా వాళ్లు తీసుకున్నారు. మిల్లులో తవుడు ఎత్తే సైదమ్మ లెక్కలో ఆమె తల్లిగారింటి నుంచి అత్తగారింటికి పోతోంది, పోబుద్ధి కాక అట్లా అంటోంది. మా సేటు వీరయ్య లెక్కలో అది తత్వం: బండి అంటే శరీరం. గేటు దగ్గర టికెట్లు చింపే లచ్చయ్య లెక్కలో ఆమె గోల ఎవరికి కావాలి, ఎడమ వైపు ఎద్దుకు కాలు బెణికింది.

ఆ రికార్డుకు ఒక జబ్బు ఉంది. రెండో చరణంలో ‘తొందరేల’ అనే చోట గాడి అరిగిపోయి సూది ఇరికేది. పికప్ ముందుకు పోదు. ‘తొందరేల... తొందరేల... తొందరేల...’ అని ఆమె అక్కడే తిరుగుతుంది. నేను వెళ్లి చిటికెన వేలితో టక్కున తడితే సూది గాడి దాటి పాట సాగేది. మొదటి రోజుల్లో ఇంజను దగ్గర చాయ్ తాగుతూ కూచుని, అది ఇరికిన సంగతి తెలిసి, గ్లాసు కింద పెట్టి, పరుగెత్తుకొచ్చి తట్టేసరికి తొమ్మిదిసార్లు అయ్యేది. అట్లా తొమ్మిది స్థిరపడింది. నా బద్ధకం ఊరికి ఆచారమైంది.

ఎందుకంటే ఊరు దాన్ని గడియారంగా పెట్టుకుంది. దేవుడి పాటకు పొయ్యి మీద బియ్యం. నవ్వుల పాటకు కూర దించాలి. కొత్త పాటల్లో పిల్లలకు తినిపించాలి. ‘తొందరేల’ ఇరికిందంటే ఇంటికి తాళం వెయ్యాలి. తొమ్మిది ‘తొందరేల’లు, మిగిలిన చరణం, గంట. మిల్లుల అవతలి ఇళ్ల నుంచి డేరాకు రావడానికి సరిగ్గా అంత సమయం. ఆమె హారన్‌లో తొందరేల, తొందరేల అని బతిమాలుతుంటే ఊరి ఆడవాళ్లంతా చంకలో పిల్లల్ని వేసుకుని రోడ్డు మీద ఉరికేవాళ్లు. గాలి మా వైపు నుంచి వీచిన రోజు కాలువ పని కూలీలు కూడా గుడిసెల్లోంచి ఉరికేవాళ్లు.

ఒకసారి చేతులు ఖాళీగా ఉండి ఐదుకే తట్టాను. మరునాడు సైదమ్మ కిటికీ దగ్గర నిలబెట్టి కడిగింది.

“ఏమయ్యా నర్సింహా, నిన్న గంత జల్ది ఎత్తినవేంది? మా అత్త సగం తొవ్వల ఉన్నది. ముసల్ది ఉరుకుతదా?”

“పాట ఇరికితే తియ్యొద్దా అక్కా?”

“తియ్యాలె. తొమ్మిదైనంక తియ్యాలె. లెక్క రాదా నీకు?”

ఆరేళ్లు ఆ పాట వేశాను. సూర్యాపేటలో వేశాను, కోదాడలో వేశాను, మిర్యాలగూడలో మాత్రం వెయ్యక తప్పలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరు. హైదరాబాదు పోయి, దుకాణంలో గంటలు నిలబడి విని, కొత్తవి మూడు ఏరి తెచ్చాను. గిటారు, బోంగోలు ఉన్నవి. ఒకదాంట్లో ఈల కూడా ఉంది. వాటిని వరసలో చివర పెడితే జనం ఈలలు వేస్తూ డేరాలోకి వస్తారని ఊహించుకున్నాను. సేటుతో అన్నాను, బండి పాట తీసేద్దామని.

“నీ పాటలు నడుమల ఏస్కో,” అన్నాడు సేటు. “బండి పాట ముట్టకు. గది నా దుకాణం బోర్డు లెక్క.”

“అరిగిపోయింది సేటూ. గీతలు పడ్డయి.”

“నా మొకం మీద గూడ పడ్డయి. నన్ను తీసేస్తవా?”

ఏప్రిల్ నెల. మధ్యాహ్నం రికార్డులు తుడుస్తున్నాను. అన్నీ తుడిచి పెట్టెలో పెట్టి పెట్టెను నీడలోకి జరిపాను. బండి పాట ఒక్కటి రేకు ట్రంకు మీద, ఎండలో ఉండిపోయింది. ‘ఉండిపోయింది’ అని నేను ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్న మాట. నిజం ఏమిటంటే, నేను దాన్ని చూశాను. చూసి, చాయ్‌కి వెళ్లాను. లక్క రికార్డు ఎండకు ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. తిరిగొచ్చేసరికి నూనెలో వేసిన అప్పడంలా నాలుగు వైపులా లేచి ఉంది. టర్న్‌టేబుల్ మీద పెడితే పికప్ సముద్రంలో పడవలా ఎగిరింది.

భయం వేసింది. సేటు అడిగితే ఏం చెప్పాలి?

ఇక్కడ లచ్చయ్య గురించి చెప్పాలి. మాడుగులపల్లి మనిషి, గొర్రెలు కాసే ఇంటివాడు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. తన వాటా గొర్రెల్ని అన్నకు వదిలేసి వచ్చి గేటు దగ్గర చేరాడు. సేటు ఇచ్చిన ఖాకీ కోటు, ఇత్తడి గుండీలు. ఊళ్లో అతన్ని గేటు లచ్చయ్య అనేవాళ్లు. ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. పోతే మళ్లీ అన్న గొర్రెల వెనక జీతగాడిగా నడవాలి, అన్న పదిమందిలో ‘ఏమాయెరా గేటు’ అంటాడు. ఆ కోటు పోతుందేమో అన్నదొక్కటే అతని భయం.

అతనికి ఒక అలవాటుంది. పొద్దున తెచ్చుకున్న సద్ది గిన్నెను నా రికార్డుల పెట్టె మీద పెట్టేవాడు. ఎత్తుగా ఉంటే చీమలు పట్టవని. రోజూ తిట్టేవాణ్ని, రోజూ పెట్టేవాడు.

“సేటూ, లచ్చయ్య గిన్నె పెట్టిండు. గా వేడికి వంగింది,” అన్నాను.

సేటు రికార్డును చేతుల్లోకి తీసుకుని, చనిపోయినవాళ్ల ముఖం చూసినట్టు చూశాడు. లచ్చయ్యను పిలిచాడు. లచ్చయ్య కాదంటాడు, నేను అవునంటాను, గొడవ అవుతుందని నేను సిద్ధంగా ఉన్నాను. అతను కాదనలేదు. రికార్డును చూసి తెల్లబోయాడు.

“నా గిన్నెనే సేటూ. నర్సింహన్న రోజు జెప్పిండు పెట్టకురా అని. నేనే ఇనకపోతి.”

“రికార్డు మీద గిన్నె పెట్టినోడు రేపు ప్రొజెక్టరు మీద పొయ్యి పెడ్తడు. కోటు ఇడువు,” అన్నాడు సేటు.

లచ్చయ్య గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. ఐదు గుండీలు. కోటు మడిచి స్టూలు మీద పెట్టి, నా దగ్గరికొచ్చి, “తప్పైంది అన్నా, నీ పాట ఖరాబ్ జేసిన,” అన్నాడు. నేను “సరేలే” అన్నాను. క్షమించినవాడిలా.

సద్ది అంటేనే చల్లటిది. రాత్రి వండి, పొద్దున చల్లగా తెచ్చుకునేది. ఆ మాట సేటుకు తట్టలేదు, చుట్టూ ఉన్న ఎవరికీ తట్టలేదు. నాకు మాత్రం అబద్ధం నోట్లోంచి బయటికి వచ్చిన క్షణంలోనే తట్టింది. అయినా మింగేశాను.

ఆ సాయంత్రం నా వరస నేను వేసుకున్నాను. చివర ఈల పాట. గంట కొట్టించి సేటు ఆట మొదలుపెట్టించాడు. బెంచీల మీద ముప్పై మంది కూడా లేరు. మొదటి రీలు అయిపోయాక మొదలైంది రావడం, మందలు మందలుగా. ఆ రోజు పౌరాణికం. మొదటి రీల్లోనే ముసలి రాజు చనిపోతూ కొడుకులకు రాజ్యం పంచుతాడు. అది చూడనివాళ్లకు ఆ తర్వాత ఎవడు ఎవడితో ఎందుకు కొట్టుకుంటున్నాడో తెలియదు. నేల మీంచి ఒకటే ప్రశ్నలు. ముందు వచ్చినవాళ్లు చెప్పలేక అలిసిపోయారు.

“మొదాలు రీలు మల్ల ఎయ్యిండ్రి!” అని ఆడవాళ్ల వైపు తడిక వణికిపోయింది. సేటు భయపడి విరామం తర్వాత వేయించాడు. దాంతో ముందొచ్చిన ముప్పై మంది గోల పెట్టారు. చచ్చిన రాజు మళ్లీ సింహాసనం మీద కూచున్నాడు. ఒక ముసలాయన బెంచీ మీంచి లేచి తెరకు దండం పెట్టి, “మహానుభావుడు, తిరిగొచ్చిండు,” అన్నాడు. రెండు నిమిషాల్లో రాజు మళ్లీ చచ్చాడు. ముసలాయన ఆ సేటు ముఖం చూడనని వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఇట్లాగే. నాలుగో రోజు సైదమ్మ పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

“సేటూ, మా పాట యాడవాయె?”

“ఖరాబైందమ్మా. వేరే పాట ఏస్తున్నం గద, గా పాటకే రాండ్రి.”

“ఏ పాటకు రావాలె? గాయన ఈల కొడ్తడు. ఈల కొడితే మేం ఉరికొస్తమా? మేమేమన్న గొర్లమా?”

“మూడు కొత్త పాటలక్కా, మంచిగ లేవా?” అన్నాను నేను, ఉండబట్టలేక.

“మంచిగనే ఉన్నయ్ తమ్మీ. కూర దించేటప్పుడు మంచిగనే ఉన్నయ్. తాళం ఏసేటప్పుడు గాదు.”

సేటు నన్ను రికార్డు వెతకడానికి పంపాడు. సూర్యాపేటలో మైకు సెట్లు కిరాయికిచ్చే వాళ్లందరినీ అడిగాను. సినిమా పేరు లేదు, పాట పల్లవి పాడి చూపించాలి. నా గొంతు విని ఒకాయన ‘దవాఖాన గా పక్కకున్నది’ అన్నాడు. చివరికి కోదాడలో, లారీలు ఆగే చోట సుబ్బారావు గారి కాఫీ హోటల్లో దొరికింది. అదే గొంతు, అదే పాట, కొత్తది, గీత పడనిది. మీది కాగితం మాత్రం దీనికీ ఊడిపోయింది.

“రెండు కొన్నానండీ అప్పట్లో. ఒకటి వేస్తా, ఒకటి దాస్తా,” అన్నారు సుబ్బారావు గారు. “ఇది ఒక్కరోజు వెయ్యకపోతే మా డ్రైవర్లు ఇడ్లీ చల్లారిందంటారండీ. వేడిగానే ఉంటది, అయినా అంటారు. దాచింది మీకిస్తే, వేసేది విరిగితే నేనేం కావాలి?”

“ధర చెప్పండి.”

“ధర వద్దండీ. ఆ సంచీలో ఏవో ఉన్నాయిగా. చూపించండి.”

దారిలో ఎక్కడైనా వేసి చూపించి గొప్పలు పోదామని నా మూడు కొత్త రికార్డులూ వెంట తెచ్చుకున్నాను. ఈల పాట విని సుబ్బారావు గారు కళ్లు మూసుకున్నారు. “ఈ మూడూ ఇచ్చి అది పట్టుకెళ్లండి. మధ్యాహ్నం కునుకు తీసే వాళ్లను లేపడానికి పనికొస్తాయి.” హైదరాబాదులో గంటలు నిలబడి ఏరుకున్న మూడూ ఇచ్చేశాను. బస్సులో ఆ రికార్డును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాను. ఆ చెయ్యి ఏప్రిల్లో ఎందుకు అడ్డం పెట్టలేదన్న ఆలోచన ఆ బస్సులోనే వచ్చింది.

ఆ సాయంత్రం బండి పాట హారన్‌లో మోగింది. ఎంత బాగుందో! ఆరేళ్లుగా గరగరల కింద పడి ఉన్న వేణువు ఒకటి అందులో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె ‘తొందరేల’ అని ఒక్కసారే అని, గబగబా ముందుకెళ్లి, పాట ముగించింది. గంట కొట్టారు. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు.

సైదమ్మ రెండో రీలుకు వచ్చింది.

“ఏసినం గదమ్మా నీ పాట!” అన్నాడు సేటు, దాదాపు ఏడుస్తూ.

“గది మా పాట గాదు. యాడనో లగ్గం మైకు అనుకున్నం. మా పాటల ఆమె ఆగుతది.”

సేటు నా వైపు తిరిగాడు. “ఇరికించు.”

అరగని రికార్డును ఇరికించడం ఎవరూ నాకు నేర్పలేదు. మరునాడు పొద్దున పాత సూదితో ‘తొందరేల’ దగ్గర గాడి మీద చిన్న గీత పెట్టాను. ఇరకలేదు. ఇంకొంచెం గట్టిగా గీశాను. ఈసారి సూది ఇరకడం మాని, గీత వెంట జారి, సర్రున చివరి గాడిలోకి పోయింది. పాట రెండు నిమిషాల ముందే ఖతం. ఆమె బండి ఎక్కింది, దిగింది. సుబ్బారావు గారి దగ్గర్నుంచి పెళ్లికూతురులా తెచ్చుకున్న రికార్డును కాపురానికి వచ్చిన మరునాడే కుంటిదాన్ని చేశాను.

“ఇంక వారం చూస్తా,” అన్నాడు సేటు. “గిట్లనే ఉంటే డేరా ఇప్పేసుడే. నువ్వు గూడ యాడనన్న పని సూస్కో.”

ఆ మాట విన్న సాయంత్రం రికార్డుల పెట్టె మీద కూచుని ఉన్నాను. దేవుడి పాట నుంచి నవ్వుల పాట దాకా వేశాను. చివర వెయ్యడానికి ఏమీ లేదు. హారన్ నోరు తెరుచుకుని ఉంది.

అప్పుడు రోడ్డు మీంచి వినబడింది. ముందు ‘శ్ర్‌ర్‌ర్’ అని గరగర, సూది పెట్టగానే వచ్చే చప్పుడు. తర్వాత బండి పాట. మగ గొంతు, కరుకు గొంతు. రెండో చరణం. ‘తొందరేల... తొందరేల... తొందరేల...’ మధ్యమధ్య గాడి తిరిగినప్పుడు వచ్చే చిన్న ‘చిట్’ శబ్దం కూడా నాలుకతో వేస్తున్నాడు. తొమ్మిది అయ్యాయి. ‘టక్’ అని నా చిటికెన వేలు కూడా నోటితోనే తట్టి, మిగతా చరణం ఎత్తుకున్నాడు.

బయటికి వచ్చి చూశాను. దుమ్ములో అన్నగారి గొర్రెలు. వాటి వెనక గొంగడి వేసుకుని లచ్చయ్య. లచ్చయ్య వెనక, తలుపులకు తాళాలు వేసి, చంకలో పిల్లలతో, ఉరుకుతున్న ఆడవాళ్లు! సైదమ్మ అత్త కూడా ఉంది. అందరూ డేరా మీది హారన్‌ను చూస్తూ ఉరుకుతున్నారు, పాట మాత్రం గొర్రెల్లోంచి వస్తోంది. సైదమ్మ ముందుగా పోల్చుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

“ఓరి నీ! నీ కడుపుల ఉన్నదారా రికార్డు?”

గేటు దగ్గర ఆరేళ్లు రోజూ విన్నాడు. సినిమా అతనికి ఎప్పుడూ సగమే దొరికేది, పాట మాత్రం మొత్తం దొరికేది. గీతతో సహా నేర్చుకున్నాడు.

నేను పరుగెత్తి అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి మైకు ముందు నిలబెట్టాను. తెలివి అంటే ఇంతే, దీనికే శాలువా. అతను నిలబడి కూడా వెనక్కి చూస్తున్నాడు.

“గొర్లు అన్నా...”

“సేటు చూస్కుంటడు. పాడు.”

మిర్యాలగూడ బియ్యం వ్యాపారుల్లో పేరున్న మా వీరయ్య సేటు, పంచె ఎగ్గట్టి, రోడ్డు మీద ఒకరి గొర్రెల్ని అదిలిస్తూ నిలబడ్డాడు. లోపల లచ్చయ్య హారన్‌లో పాడాడు. కాలువ కూలీల గుడిసెల దాకా వినబడింది. గంట కొట్టేసరికి నేల నిండింది, బెంచీలు నిండాయి. రాజు చనిపోవడం ఊరంతా చూసింది.

ఆట మధ్యలో సేటు కోటు తెచ్చి లచ్చయ్య భుజాల మీద వేశాడు. “రికార్డు వంగుతది, ఇరుగుతది. నువ్వు ఇరగవు గద. రోజు పాడి గేటు కాడికి పో,” అన్నాడు. తర్వాత ఊరందరికీ “మా నర్సింహ తెలివే తెలివి” అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను కాదనలేదు. లచ్చయ్య కోదాడలో పాడాడు, సూర్యాపేటలో పాడాడు. జలుబు చేసిన రోజుల్లో రికార్డు పాతదైందనుకునేవాళ్లు. పక్కా హాలు వచ్చి, గోడ గడియారం చూసి ఆట వేసే రోజులు వచ్చేదాకా ఆ పాట సాగింది. శాలువా రోజున దాన్ని నా భుజం మీద సర్దింది కూడా లచ్చయ్యే.

పోయిన నెల మాడుగులపల్లి వెళ్లాను. ఆ అబద్ధం ఆడి పద్నాలుగేళ్లు. ఇప్పుడతనికి సొంత గొర్రెలు ఉన్నాయి. ఇంటి ముందు ఒక ట్రాన్సిస్టరు వేలాడుతోంది, అందులో ఏదో కొత్త పాట వస్తోంది. మేకుకు ఖాకీ కోటు, నాలుగు గుండీలతో. మంచం వేసి కూచోబెట్టాడు. నేను నేల చూస్తూ చెప్పాను.

“లచ్చయ్యా, రికార్డు నీ గిన్నెకు వంగలేదు. నేనే ఎండల పెట్టిన. సేటుకు అబద్ధం చెప్పిన.”

అతను ట్రాన్సిస్టరు గొంతు తగ్గించాడు.

“ఎరుకే అన్నా.”

“ఎప్పుడు ఎరుకైంది?”

“కోటు ఇడిచిన మర్నాడే. గొర్ల కాడ సద్ది తింటుంటే చెయ్యి సల్లగ తాకింది. గిన్నె సూసిన. ‘ఓరి, సద్దికి రికార్డు వంగుతదారా’ అనుకున్న.” నవ్వాడు. “మా అన్నకు జెప్తే నిన్ను కొడ్తనని లేసిండు. నేనే ఆపిన.”

“మరి సేటుకు ఎందుకు చెప్పలే? నన్నెందుకు అడగలే?”

“నువ్వే చెప్తవని సూసిన.”

“పద్నాలుగేండ్లా?”

లచ్చయ్య మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, నోటితో ‘శ్ర్‌ర్‌ర్’ అని సూది పెట్టాడు. ‘తొందరేల... తొందరేల... తొందరేల...’ మొదలుపెట్టాడు. ‘చిట్’ ఎక్కడా తప్పలేదు. నేను లెక్కపెడుతూ కూచున్నాను. తొమ్మిదోది అయ్యాక చిటికెన వేలు చాపి నా భుజం మీద టక్కున తట్టాడు.

“ఇగ పోతది,” అన్నాడు.

నా వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లు వరస ఎట్లా పెట్టాలని అడుగుతుంటారు. ఇప్పుడు చేతిలో వందల పాటలు ఉన్నాయి, ఏది వెయ్యాలో తెలియడం లేదంటారు. కొత్తవి ఎన్నయినా వెయ్యండి, కూర దించేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. కానీ తాళం వేసే పాట ఏదో కనుక్కోండి. అది మీరు ఎన్నుకునేది కాదు, వినేవాళ్లు ఎప్పుడో ఎన్నుకుని ఉంటారు, గీతతో సహా. మీకు విసుగు పుడితే పుట్టనివ్వండి. దాన్ని నీడలో పెట్టండి. ఇక తప్పు చేస్తే, తొమ్మిది లెక్కపెట్టేలోపు ఒప్పుకోండి. ప్రతిసారీ తట్టడానికి లచ్చయ్య దొరకడు.